మంచు వీధిలో కుర్చీ

ఆ ఏడు ఫిబ్రవరిలో షికాగోలో పడిన మంచు సంగతి నేను చెబితే మీరు నమ్మరు. కుక్కలు దీపస్తంభం దగ్గర కాలెత్తి, కాసేపు ఆలోచించి, దించుకుని ఇంటికెళ్ళిపోయేవి. గిల్హూలీ గారని ఒకాయన మీసం గడ్డకట్టి ఊడిపోబోతే వాళ్ళావిడ గుమ్మంలోనే పట్టుకుని తిరిగి అంటించిందంటారు. సరే, మీసం మాట వదిలేయండి. మంచు మాత్రం నిజం.

అలాంటి మంచులో యోలా తెల్లవారకముందే పార పట్టుకుని వీధిలోకి దిగింది.

యోలా పార్కు ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. నీళ్ళ చప్పుడు మీద అరిచీ అరిచీ ఆ పిల్ల గొంతు ఎలా తయారైందంటే, "ఆగు!" అంటే కొలనులో పిల్లలే కాదు, బయట రోడ్డు మీద బస్సు కూడా ఆగేది. ఆ రోజు నడుం విరిగేలా తవ్వి కారు బయటికి తీసింది. తీసి, ఖాళీ అయిన జాగాలో వంటింటి కుర్చీ ఒకటి తెచ్చి వేసింది. కుర్చీకి పసుపుపచ్చ దిండు కట్టి ఉంది. ముడి విప్పే ఓపిక లేక అలాగే వదిలేసి పనికి పోయింది.

ఆ ఊళ్ళో అది ఏ పుస్తకంలోనూ లేని చట్టం. మంచు తవ్వినవాడిదే జాగా. అందులో కుర్చీ వేశాడంటే కోట కట్టినట్టే. మేయరు వచ్చినా ఆ కుర్చీ జరపడు. ఆ వీధి పొడుగునా అలాంటి కోటలే: గిల్హూలీ గారిది ఇస్త్రీబల్ల, ఎదురింటి చాయో అమ్మగారిది ఎర్ర ప్లాస్టిక్ స్టూలు, మూలింటివాళ్ళది ఒక కాలు లేని సోఫా.

సాయంత్రం యోలా తిరిగొచ్చేసరికి, ఆమె కోటలో ఎవరో కూర్చుని ఉన్నారు.

ఆమె హారను కొట్టింది. ఆ మనిషి చెయ్యి ఊపాడు.

మళ్ళీ కొట్టింది. ఈసారి లేచి, టోపీ తీసి, వంగి నమస్కారం పెట్టాడు.

యోలా కారు దిగింది. గుండెల నిండా గాలి పీల్చింది. పైఅంతస్తు కిటికీలోంచి చూస్తున్న ఆమె అమ్మమ్మ చెవులు మూసుకుంది.

"మీరేనాండీ ఈ కుర్చీ వేసింది?" అన్నాడు అతను. "దిండు కూడా కట్టారు! ఎంత మంచివారండీ!"

పీల్చిన గాలి గొంతులోనే ఆగిపోయింది.

"నువ్వు... ఎప్పట్నించి కూర్చున్నావ్ ఇక్కడ?"

"వీధి దీపాలు వెలగకముందు నించండీ."

"చలి వెయ్యట్లేదా?"

"చచ్చేంత వేస్తోందండీ. కానీ కుర్చీ వేసినవాళ్ళు రాకుండానే లేచి పోతే మర్యాద కాదు కదండీ. మా వైపు దారి పక్కన కుర్చీ వేశారంటే, రావయ్యా, కూర్చో, రెండు కబుర్లు చెప్పి పో అని."

అతని కనురెప్పల మీద మంచు పేరుకుంది. ముక్కు ఎర్రగా ఉంది. చక్కెరలో దొర్లించిన బూరెలా ఉన్నాడు మనిషి. అతన్ని తిట్టడానికి యోలా నోరు తెరిచింది. బస్సుల్ని ఆపే ఆ గొంతులోంచి, ఎక్కణ్ణించి వచ్చిందో, సన్నగా ఓ మాట వచ్చింది.

"ఏమన్నా తిన్నావా?"

పైన కిటికీలో అమ్మమ్మ చెవుల మీంచి చేతులు తీసేసింది. తను విన్నది నిజమో కాదోనని చెవిలో వేలు పెట్టి ఓసారి తిప్పుకుంది కూడా.

*

పోలండు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం కదా, అమ్మమ్మను ఇంట్లో బూషా అంటారు. వీధంతా కూడా అదే అంటుంది. ఆవిడ పులియబెట్టిన రై పిండితో కాచిన పుల్లటి చారు వడ్డించి, గరిటె చేత్తో పట్టుకునే అతనికెదురుగా కూర్చుంది.

అతని పేరు ఆక్టేవ్. లూజియానా కింది కొసన, చిత్తడి నేలల్లో, పడవలు కట్టే కుర్రాడు. వారం రోజులు ఊరు చూసిపోదామని రైలెక్కి వచ్చి, వీధి చివర ఒక గది అద్దెకు తీసుకున్నాడు. మంచు చూడటం ఇదే మొదలు.

"ఏం నాయనా, ఎలా ఉంది మా ఊరు?" అంది బూషా.

"అదే ఆశ్చర్యంగా ఉందండీ. బయల్దేరేటప్పుడు మా పిన్ని ఒకటే ఏడుపు. అంత పెద్ద ఊళ్ళో నీ మొహం చూసి మాట్లాడేవాడు ఒక్కడు దొరకడురా అని. వచ్చి చూద్దును కదా, ప్రతి ఇంటి ముందూ కుర్చీ! ఇంత చలిలో కూడా, దారే పోయేవాడు కూర్చుంటాడని!"

బూషా గరిటె గిన్నెలో పడింది.

"ఒరే అబ్బాయ్, ఆ కుర్చీలు..."

బల్ల కింద యోలా కాలు అమ్మమ్మ కాలి మీద పడింది.

"...ఆ కుర్చీలు మా తాతల నాటి ఆచారం," అని ముగించింది బూషా, నొప్పితో కళ్ళు మూసుకుని. "అతిథులంటే ప్రాణం పెడతాం మేం."

అతను వెళ్ళాక ముసలావిడ మనవరాలి వైపు తిరిగింది.

"ఎందుకే కాలు తొక్కావ్?"

"నాలుగు రోజులుండి పోయే మనిషి. సంతోషంగా ఉన్నాడు, ఉండనీ."

"నా కాలు?"

"నీకింకో కాలుందిగా."

*

మర్నాడు పొద్దున్నే గిల్హూలీ గారు తలుపు బాదాడు. ఆయన ఒకప్పుడు మంటలార్పే ఇంజను నడిపినవాడు. ఇప్పుడు తనే మండుతూ ఉంటాడు.

"ఎవడో నా ఇస్త్రీబల్ల మీద కూర్చున్నాడు! బల్ల మీద! ఎవడన్నా కూర్చుంటాడా?"

"ఏమీ అనకండి గిల్హూలీ గారూ. టూరిస్టు."

"అంతసేపు తవ్వింది టూరిస్టు కోసమా?"

"అతనికి కారే లేదు. మీ జాగా అక్కర్లేదు. మీతో కబుర్లు కావాలంతే. కాసేపు మాట్లాడి చూడండి, నా కోసం."

గిల్హూలీ గారు గొణుక్కుంటూ పోయాడు. మధ్యాహ్నానికి ఆయన రోడ్డు మధ్యలో నిలబడి, చేతులు రెండూ చాపి, కాలిపోతున్న గిడ్డంగిలోంచి తను పియానోను ఎలా భుజానేసుకొచ్చాడో చెబుతున్నాడు. ఆ కథలో ఏటా ఒక అంతస్తు పెరుగుతూ వచ్చింది. ఇంట్లో వినేవాళ్ళు ఎప్పుడో అయిపోయారు. ఆక్టేవ్ మాత్రం నోరు తెరుచుకుని, "అప్పుడు పియానో మోగిందాండీ?" అని అడిగాడు.

గిల్హూలీ గారు ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"మోగింది," అన్నాడు, కళ్ళు చెమర్చి. "మెట్టుకో స్వరం."

చాయో అమ్మగారు తన ఎర్ర స్టూలు మీద అతను కూర్చోగానే మొక్కజొన్న పిండితో చేసిన వేడివేడి తమాలే పొట్లం తెచ్చి ఒళ్ళో పెట్టింది. తర్వాత యోలాని పక్కకు పిలిచి, "మా ఆయన కూడా ఆ స్టూలు మీద ఇంత బుద్ధిగా ఎప్పుడూ కూర్చోలేదే. నీకు వద్దంటే చెప్పు, మా అక్క కూతురుంది," అంది.

"వద్దని ఎవరన్నారు?" అంది యోలా చటుక్కున. అని నాలిక కరుచుకుంది.

*

క్లాసులు లేని మధ్యాహ్నాలు యోలా అతన్ని ఊళ్ళోకి తీసుకుపోయింది. తీసుకుపోయిందనే గానీ, నిజానికి అతనే ఆమెను లాక్కుపోయాడు, ప్రశ్నలతో.

ఇళ్ళ వెనక వంతెనల మీద పోయే రైలెక్కారు. కిటికీకి జానెడు దూరంలో జనం వంటిళ్ళు పోతున్నాయి. ఒక వంటింట్లో బనీను వేసుకున్న ఆసామి గుడ్డు వేయిస్తున్నాడు. ఆక్టేవ్ చెయ్యి ఊపాడు.

"ఏయ్! ఇక్కడ అలా ఊపకూడదు."

"ఎందుకండీ?"

ఎందుకో ఆమెకూ తెలీదు. అంతలో ఆ ఆసామి అట్లకాడ ఎత్తి ఊపాడు. యోలా ఆ రైల్లో పుట్టినప్పట్నించీ తిరుగుతోంది. ఆ రోజే మొదటిసారి ఆమె కూడా చెయ్యి ఎత్తింది.

సరస్సు ఒడ్డుకు పోతే, గడ్డకట్టని ఓ మూల చూసి, వంగి, దోసిలితో నీళ్ళు తాగేశాడు.

"పిచ్చా నీకు?"

"ఉప్పు లేదండీ!" అన్నాడు కళ్ళు పెద్దవి చేసి. "అవతలి ఒడ్డు లేదు, అలలున్నాయి, పక్షులున్నాయి. ఇంత చేసి ఉప్పు వెయ్యడం మర్చిపోయారేంటండీ?"

యోలా నవ్వి నవ్వి మంచులో కూలబడింది.

నది దగ్గర ఇంకో సందేహం. "ఈ నదిని వెనక్కి తిప్పేశారటగా?"

"అవును. మురికి సరస్సులోకి పోతోందని ఎప్పుడో తిప్పేశారు."

"మరి నది ఒప్పుకుందాండీ?"

బళ్ళో ఆ పాఠం చదివింది, పరీక్ష రాసింది, మార్కులు తెచ్చుకుంది. నది ఒప్పుకుందో లేదో ఎవరూ చెప్పలేదు. ఆమె వంతెన మీద నిలబడి కిందికి చూసింది, ఎవరో తెలిసిన మనిషిని చూసినట్టు.

శనివారం నాడు మేఘాల్లో తల దూర్చిన పెద్ద మేడ ఎక్కారు. కింద ఊరంతా తెల్లగా, బల్లపరుపుగా, ఆకాశం దాకా.

"దారులన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయండీ. మా వైపు నీళ్ళు ఎటు ఒంపు తిరిగితే దారీ అటే. ఇక్కడ దారి తప్పుదామన్నా కుదరదు."

"తప్పడమెందుకు?"

"తప్పితే ఇంకాసేపు తిరగొచ్చు కదండీ."

అతను ఊరి వైపు చూడట్లేదు. ఆమె అద్దం వైపు తిరిగింది. అద్దంలోనూ అతనే. ఇక ఎటు తిరిగినా లాభం లేదని నేలచూపు చూసింది.

"ముందు ఆ అండీలు మానెయ్," అంది. "ఊరెళ్ళి మీవాళ్ళకేం చెబుతావ్? మేడలా? సరస్సా?"

"కుర్చీ."

"ఏంటి?"

"మీ కుర్చీ. ఎవరో ఏమిటో తెలీని మనిషి కోసం, అంత మంచులో, దిండు కట్టి మరీ కుర్చీ వేసిన అమ్మాయిని చూశానని చెబుతాను. ఊళ్ళు ఎక్కడైనా ఉంటాయండీ. అలాంటి మనసు..." అతను టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "రేపు సాయంత్రం నా రైలు. వెళ్ళేలోపు మిమ్మల్ని ఒక మాట అడగాలి. ఇప్పుడు కాదు. ధైర్యం చాలట్లేదు."

వేరే అమ్మాయైతే ఆ మాటకు మేఘాల్లో తేలేది. యోలాకు మాత్రం లిఫ్టు తెగి కిందికి పోతున్నట్టయింది. అతను ఇష్టపడుతున్నది తన ఇంట్లోనే ఉండే, తన పేరే ఉన్న, తను కాని ఇంకెవరినో.

ఇంటికొచ్చి బూషాకి చెప్పింది.

"చెప్పెయ్," అంది ముసలావిడ, పిండి కలుపుతూ.

"చెబితే పోతాడు."

"చెప్పకపోతే ఉండి ఏం చేస్తాడే? పెళ్ళి నిన్ను చేసుకుంటాడా, దిండునా?"

"ఎవరే ఇక్కడ పెళ్ళి మాటెత్తింది?"

"నీ మొహం."

పొద్దున్న అతను టిఫిన్‌కు వచ్చినప్పుడు చెప్పేద్దామని యోలా నిశ్చయించుకుంది.

*

ఆ రాత్రి మళ్ళీ మంచు పడింది. ఆదివారం పొద్దున యోలా మళ్ళీ తవ్వింది, మళ్ళీ కుర్చీ వేసింది, బూషాను కార్లో చర్చికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చేసరికి వాళ్ళ జాగాలో తళతళలాడే నల్ల కారు. వీధికి కొత్త మనిషెవడో దిగి తాళం వేస్తున్నాడు. కుర్చీ మంచు కుప్ప మీద తలకిందులుగా పడి ఉంది.

యోలా కారును రోడ్డు మధ్యలోనే వదిలేసి దూకింది.

"ఏయ్! కళ్ళు కనబడట్లేదా?"

ఆ కేకకు ఇళ్ళ చూరులకున్న మంచుకొనలు టపటపా రాలాయి. సరస్సులో చేపలు అవతలి రాష్ట్రానికి పోయాయని కూడా అంటారు గానీ, అది నేను చూడలేదు.

"పబ్లిక్ రోడ్డే కదమ్మా..."

"పబ్లిక్ రోడ్డు నువ్వు తవ్వావా? నీ నడుం విరిగిందా? కుర్చీ కనబడలేదూ? కుర్చీ ఉందంటే ఏంటి? ఇటు రావద్దని! ఇది నాది, నీకిక్కడ చోటు లేదు, నీ దారిన నువ్వు పో అని! ఆమాత్రం తెలీదా ఈ ఊళ్ళో?"

నల్ల కారువాడు తాళం చెవి తిప్పలేక తిప్పి, వచ్చినదానికంటే వేగంగా పారిపోయాడు.

యోలా వెనక్కి తిరిగింది.

కాలిబాట మీద ఆక్టేవ్. చేతిలో బేకరీ సంచి. సంచిలోంచి వేడి పోలిష్ బూరెల వాసన. టిఫిన్‌కు వస్తూ తెచ్చాడు.

అతను ఆమెను చూశాడు. తర్వాత వీధి వైపు చూశాడు. ఇస్త్రీబల్ల. ఎర్ర స్టూలు. కాలు లేని సోఫా. ఒక్కొక్కదాన్నీ చూస్తూంటే అతని మొహం ఎర్రబడుతూ వచ్చింది.

"మీకోసం తెచ్చానండీ," అన్నాడు. సంచిని మెట్టు మీద పెట్టి, టోపీ కళ్ళ మీదికి లాక్కుని వెళ్ళిపోయాడు.

బస్సుల్ని ఆపే ఆ గొంతు ఒక్కమాట అనలేకపోయింది.

*

సాయంత్రమైంది. గది ఖాళీ చేసి, పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడని చాయో అమ్మగారు వచ్చి చెప్పింది. యోలా బూరెల సంచి ముందు కూర్చుని ఉంది. ఒక్కటీ తినలేదు. బూషా తినడానికి చెయ్యి చాపితే చేతి మీద కొట్టింది.

"పోతే పోనీ అనుకుంటున్నావా?" అంది బూషా.

"నిజం తెలిసిందిగా. ఇంకేం చెప్పను?"

"వాడికి తెలిసింది కుర్చీ సంగతి. నీ సంగతి ఎవరు చెబుతారు, నేనా? లే. బూట్లేసుకో."

యోలా లేచింది. కోటు ఒక చేతికి మాత్రమే ఎక్కించుకుని మెట్లు దిగి, కారు బయటికి తీసింది. గిల్హూలీ గారు తన గుమ్మంలోంచి అరిచాడు.

"ఇదిగో పిల్లా, కుర్చీ! కుర్చీ వెయ్యకుండా పోతున్నావ్!"

"ఎవరికి కావాలంటే వాళ్ళని కారు పెట్టుకోమనండి!"

గిల్హూలీ గారు చేత్తో ద్వారబంధం పట్టుకున్నాడు. ఆ వీధిలో అలాంటి మాట ఆయన పుట్టాక వినలేదు.

స్టేషన్లో గేటు దగ్గర ఉద్యోగికి ఆమె ఏం చెప్పి లోపలికి పోయిందో నాకు తెలీదు. ఆ ఉద్యోగి మాత్రం సాయంత్రమంతా చెవులు దులుపుకుంటూనే ఉన్నాడట. న్యూఆర్లియన్స్ బండి కదలడానికి సిద్ధంగా ఉంది. ఆమె బోగీ బోగీ వెతికి, కిటికీ పక్కన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆక్టేవ్‌ని పట్టుకుంది.

"నేను నీకోసం కుర్చీ వెయ్యలేదు," అంది రొప్పుతూ. "ఎవరి కోసమూ వెయ్యలేదు. ఎవరూ రాకూడదని వేశాను. దిండు ముడి విప్పడానికి బద్ధకమై వదిలేశాను. నువ్వనుకున్న అమ్మాయి లేదు. నేనే ఉన్నాను. అంతే. చెప్పేశాను."

ఆక్టేవ్ తలెత్తాడు. "మీ మీద కోపం రాలేదండీ. సిగ్గేసింది. వద్దు పొమ్మని పెట్టిన ప్రతి చోటా ఎద్దులా కూర్చున్నాను. పాపం గిల్హూలీ గారు!"

"ఆయనా? నువ్వు కనబడట్లేదని పొద్దుట్నించీ బూషా బుర్ర తింటున్నాడు. పియానో కథలో ఇంకో అంతస్తు కలిపాడట, నీకు చెబుదామని."

అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"ఒక్కటి అడగనాండీ? మధ్యాహ్నం నించీ అదే ఆలోచిస్తున్నాను. పొద్దున ఆ నల్లకారాయన్ని తిట్టారే, ఆ తిట్లన్నీ మొదటిరోజు నాక్కదా పడాల్సింది? మీరు గాలి పీల్చడం కూడా చూశాను. మరెందుకు తిట్టలేదు?"

యోలా పక్క సీట్లో కూలబడింది. ఇది మాత్రం ఆమె సిద్ధం చేసుకు రాలేదు.

"ఆ రోజు నీ రెప్పల మీద మంచుంది," అంది. "బూరెలా ఉన్నావ్. నోట్లోంచి... ఏమన్నా తిన్నావా అని వచ్చేసింది. నేనెవర్నీ అలా అడగను. కావాలంటే మా బూషాని అడుగు."

అతను పెట్టె ఒళ్ళోంచి తీసి కింద పెట్టాడు.

"కుర్చీ నాకోసం కాదు. ఆ మాట నాకోసమే కదా?"

"ఆ."

"అయితే నేననుకున్న అమ్మాయి ఉందండీ. నేను వెతికిన చోటు తప్పు, అంతే."

యోలా కళ్ళు తుడుచుకుంది. "నిన్న అడగాలన్న మాట ఏంటి?"

"ఒకసారి మా ఊరు చూడ్డానికి వస్తావా... అని." ఆ 'అని' దగ్గర అతనికి అర్థమైంది, అండీ ఎక్కడో పడిపోయిందని. ఇద్దరూ ఒకేసారి తలలు దించుకున్నారు.

సరిగ్గా అప్పుడే బండి కదిలింది.

"అయ్యో!" యోలా లేచింది. ప్లాట్‌ఫాం అప్పటికే వెనక్కి పోతోంది. టిక్కెట్ల కండక్టరు వచ్చి ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. ఒక చేతికే కోటు, జుట్టు నిండా మంచు.

"తర్వాతి స్టేషను హోమ్‌వుడ్ దాకా ఇవ్వండి," అంది యోలా, ఈత బడిలో ఎన్నడూ వాడని చిన్న గొంతుతో.

ఫోను మోగింది. బూషా.

"ఎక్కడున్నావే?"

"రైల్లో."

"చూడ్డానికెళ్ళి ఎక్కేశావా? అబ్బాయున్నాడా? వాడికివ్వు." ఆక్టేవ్ ఫోను అందుకుని లేచి నిలబడ్డాడు. ముసలావిడ గొంతు బోగీ అంతా వినబడుతోంది. "ఏం నాయనా, దీని అరుపులు విన్నావుగా పొద్దున?"

"విన్నానండీ."

"ఇంకా కావాలంటున్నావా?"

"కావాలండీ."

"నీ ఖర్మ. జాగ్రత్తగా చూసుకో. వచ్చేటప్పుడు నువ్వు కూడా రా, మీ పిన్నిని కూడా తీసుకురా, మాట్లాడుకోవాలి. పిల్లల ఈత క్లాసులు నేను చూసుకుంటానని దానికి చెప్పు."

"నీకు ఈత రాదు బూషా!" అని అరిచింది యోలా. ముందు సీటు ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

"అరవడం వచ్చుగా," అని ఫోను పెట్టేసింది బూషా.

కిటికీలో ఊరు వెనకవైపు చూపిస్తూ పోతోంది: మంచు కప్పిన పెరళ్ళు, దీపాలు వెలిగిన వంటిళ్ళు. యోలా కాసేపు చూసింది. తర్వాత మోకాళ్ళు అతని వైపు తిప్పి కూర్చుంది.

"మీ ఊళ్ళో పడవ కట్టడం అయిపోయాక ముందు ఎవరు ఎక్కుతారు?"

అతను చెప్పాడు.

"నీళ్ళు దారిలోకి వచ్చేస్తే పక్కింటికి ఎలా పోతారు? మీ పిన్ని నిజంగా ఏడ్చిందా? నేను వస్తే నన్ను చూసి ఏమంటుంది? మొసళ్ళు ఉంటాయా? ఉంటే వాటికి పేర్లు పెడతారా?"

అతను నవ్వుతూ ఒక్కొక్కదానికీ జవాబు చెబుతూనే ఉన్నాడు. బండి నెమ్మదించింది. కండక్టరు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"హోమ్‌వుడ్ వచ్చిందమ్మా. మీరిక్కడ దిగాలి."

యోలా ఆక్టేవ్ చెయ్యి పట్టుకుంది.

"మీ ఊరికి ఏ స్టేషన్లో దిగాలి?" అంది.